జీర్ణోద్ధరణ ధర్మము: ఒక విద్యున్మార్గపు చరిత్ర

క్రొత్తది కట్టించినవాని పేరు శిలపై చెక్కుట లోకాచారము. ప్రాతదానిని చెడకుండ కాపాడినవాని పేరు మోసిన శిలలు మిక్కిలి తక్కువ. శంకుస్థాపనకు ముహూర్తము కలదు, మేళతాళములు కలవు, పూలదండలు కలవు. మరామత్తునకు ఇవి యేవియు లేవు. ఈ భేదము మర్యాదకు మాత్రమే సంబంధించినదని పెక్కురు తలంతురు. ప్రాణములకు కూడ సంబంధించినదని మా యభిప్రాయము. దీనిని నిరూపించుటకు మేము గుడులను గాని కోటలను గాని యెత్తుకొనలేదు. ఊళ్ల ప్రక్కగా, పొలములమీదుగా, కొండలకడ్డముగా పోవుచు, దినదినము మన కన్నులబడుచున్నను మన దృష్టికి రాని విద్యుత్తీగెలను, వానిని మోయు ఇనుప స్తంభములను గైకొనుచున్నాము.

నీరు కొండలలో పడును. దీపము పట్టణమున వెలుగవలెను. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును జయించుట పందొమ్మిదవ శతాబ్దాంతమున విద్యుచ్ఛాస్త్రజ్ఞుల కెదురైన పెద్ద సమస్య. 1891వ సంవత్సరమున జర్మనీదేశములో నెక్కార్ నదిమీది లౌఫెన్ గ్రామమునుండి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమందలి ప్రదర్శనశాలకు 175 కిలోమీటర్ల దూరము విద్యుత్తును తీగెలపై పంపి చూపిరి. అటుపిమ్మట పదునొకండేండ్లు గడవకమున్నే మన దక్షిణదేశమున మైసూరు సంస్థానము ఈ విద్యను చేపట్టెను. 1902లో కావేరీనదిమీది శివసముద్రమునుండి కోలారు బంగారుగనులకు సుమారు 92 మైళ్ల తీగెల దారి వేయబడెను. ఆనాటి ప్రపంచమునందలి దీర్ఘమార్గములలో నది యొకటి. ఆ గనులలో దిగి పనిచేసినవారిలో తెలుగువారు పలువురుండిరి. కావున దూరమునుండి వచ్చు విద్యుత్తుతో మన జనుల పరిచయము నేటిది గాదు.

ఆ మొదటి కాలమున తీగె స్తంభముపై కూర్చుండెడిది. అడ్డకఱ్ఱకు నిలువుగా బిగించిన మేకుమీద పింగాణిగిన్నె, ఆ గిన్నెనెత్తిమీద తీగె. వోల్టులు పెరిగిన కొలది గిన్నెయు పెరుగవలెను. గిన్నె పెరిగినకొలది మేకు దాని భారము నోర్వలేదు. 1907లో హ్యూలెట్, బక్ అను నిరువురు అమెరికా యింజనీర్లు దీనికొక యుపాయము కనిపెట్టిరి. గిన్నెను పైన నిలుపుటకు మారుగా, పింగాణిబిళ్లలను గొలుసువలె ఒకదానిక్రింద నొకటి తగిలించి, తీగెను దాని కొననుండి వ్రేలాడదీసిరి. ఎక్కువ వోల్టులు కావలసినచో మరియొక బిళ్ల చేర్చిన చాలును. నేడు లక్షలాది వోల్టుల మార్గములు సాధ్యమగుటకు ఈ యుపాయమే మూలము. అయితే కూర్చున్న తీగెను వ్రేలాడదీసినప్పుడే మరియొక వస్తువు చరిత్రలో ప్రవేశించెను. గొలుసును స్తంభపు చేతికి తగిలించుటకొక కొక్కెము కావలసివచ్చెను. గాలి వీచినప్పుడెల్ల గొలుసు ఊగును. గొలుసు ఊగినప్పుడెల్ల కొక్కెము తన్ను మోయు రంధ్రముతో ఒరసికొనును. ఒక దినమున ఈ యొరపిడి లెక్కకు రాదు. నూరేండ్లలో నేమగునో ఆనాటివారు చూడలేదు, చూచుటకు వారు బ్రదికియుండువారును గారు.

ఇక మా కథకు స్థానమైన కాలిఫోర్నియాకు వత్తము. ఆ రాష్ట్రపు ఉత్తరభాగమున ఫెదర్ అను నది లోతైన కనుమలగుండ పారుచున్నది. గ్రేట్ వెస్టర్న్ పవర్ కంపెనీవారు 1908లో బిగ్ బెండ్ వద్దను, 1921లో కారిబూ వద్దను ఆ నదీజలములతో విద్యుత్కేంద్రములను నెలకొల్పిరి. కారిబూనుండి పలెర్మో వరకు కనుమల యంచులవెంట 56 మైళ్ల మార్గమునకు ఉక్కుస్తంభములు నిలిపిరి. దారిలేని కొండకొమ్ములమీద, మంచులో, గాలిలో ఆ స్తంభములను నిలిపిన పనివారి సాహసము కొనియాడదగినది. 1930లో ఆ కంపెనీ పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అను పెద్ద కంపెనీలో కలిసిపోయెను. నదియు, స్తంభములును, తీగెలును, కొక్కెములును క్రొత్త యజమానికి సంక్రమించెను. ఆస్తి సంక్రమించినప్పుడు దానితోపాటు దాని వయస్సును సంక్రమించునని మాత్రము గుర్తింపబడలేదు.

ఇనుము ఎట్లు ముసలిదగునో యిచట కొంత చెప్పవలెను. ఉక్కుస్తంభమునకు తుత్తునాగపు పూత పూయుదురు. వానయు మంచును తగిలినకొలది ఆ పూత తానరిగి ఇనుమును కాపాడును. పూత తీరిన పిమ్మట త్రుప్పు ఇనుమును తినుట కారంభించును. స్తంభపు కాళ్లు నేలలో దిగు చోట తేమ నిలుచుటచేత ఈ వ్యాధి మొదట నచటనే పుట్టును. అల్యూమినియపు పోగులను ఉక్కుపోగులచుట్టు పేనిన తీగెకు మరియొక బాధ కలదు. పెనుగాలికంటె మెల్లని నిలుకడగాలియే దానికి హానికరము. అట్టి గాలిలో తీగె వీణాతంత్రివలె కంపించును. ఆ కంపము వలన స్తంభముకడ బిగించిన చోట పోగులు ఒక్కొక్కటిగా తెగును. దీనిని మాన్పుటకే 1920ల దశకమున స్టాక్‌బ్రిడ్జి అను యింజనీరు చిన్న లోహపుగుండ్ల జంటను తీగెకు వ్రేలగట్టు పద్ధతి కల్పించెను. మన పొలములమీది పెద్దతీగెలకు స్తంభముల దగ్గర వ్రేలాడు ఆ గుండ్లు అవియే. పింగాణికి బీటలు, మరలకు వదులు, కొక్కెములకు అరుగుదల. ఇన్నివ్యాధులలో అధికభాగము నేలనుండి చూచువానికి కనబడవు. కొక్కెపు అరుగుదల యన్నిటికంటె గూఢము. ఏలయన అది రంధ్రముతో తాకియుండు లోపలివైపుననే అరుగును. వెలుపలనుండి చూచువానికి కొక్కెము నిండుగానే తోచును. స్తంభమెక్కి చేతితో తడవినవానికే, లేదా మిక్కిలి దగ్గరనుండి పరికించినవానికే దాని నిజస్వరూపము తెలియును.

కారిబూ-పలెర్మో మార్గమును కంపెనీవారు పరీక్షింపకపోలేదు. ఏటేటా హెలికాప్టరుపై దాని మీదుగా ఎగిరి చూచుచుండిరి; అయిదేండ్లకొకమారు నేలనుండి వివరముగా చూచుచుండిరి. ఎక్కి చూచుట మాత్రము లేదు. మా కథకు నాయకస్థానము వహించిన 27/222 అను సంఖ్యగల స్తంభమును 2001 మొదలు 2018 వరకు ఎవ్వరును ఎక్కి పరీక్షింపలేదని ప్రభుత్వవిచారణలో తేలెను. హెచ్చరికలును లేకపోలేదు. 1987లోనే మరియొక మార్గమునుండి తీసిన అరిగిన కొక్కెములు ఆ కంపెనీ ప్రయోగశాలకు వచ్చియుండెనని పిమ్మట బయటపడెను. 2012 డిసెంబరులో గాలివానకు ఈ మార్గముననే అయిదు స్తంభములు కూలెను. 2017లో సిద్ధమైన యొక లోపలిపత్రమున, ఇట్టి స్తంభముల సగటు ఆయుర్దాయము 65 ఏండ్లనియు, కంపెనీకిగల స్తంభముల సగటు వయస్సు అప్పటికే 68 ఏండ్లనియు, అన్నింటిలో ప్రాతది 108 ఏండ్లదనియు వ్రాయబడియుండెను. ఇంటిపెద్ద తన యింటిదూలమునకు చెదపట్టినదని తానే కాగితముమీద వ్రాసికొని, ఆ కాగితమును పెట్టెలో భద్రపరచి, ఆ దూలముక్రిందనే నిద్రించినట్లున్నది. భేదమేమనగా, ఇచట దూలముక్రింద నిద్రించినవారు వేరు.

2018 నవంబరు 8వ తేదీ యుదయము 6 గంటల 15 నిమిషముల ప్రాంతమున ఆ మార్గమున విద్యుత్తు తటాలున ఆగినట్లు కంపెనీ యంత్రములు గుర్తించెను. పుల్గా అను చిన్నపల్లె సమీపమున 27/222వ స్తంభముమీద ఒక కొక్కెము తెగిపోయెను. మూడుతీగెలు తమలో తాము స్థానములు మార్చుకొనుటకై కట్టిన స్తంభమది. సుమారు తొంబదియేడేండ్లు ఊగియూగి అరిగిన ఆ కొక్కెము దారమంత సన్నమై తుదకు భారము మోయజాలక విడిపోయెను. దానినుండి వ్రేలాడు తీగె జారి ఉక్కుస్తంభమునకు తగిలెను. 1,15,000 వోల్టుల విద్యుత్తు స్తంభముపై మెఱుపువలె ఎగసి, అల్యూమినియమును ఉక్కును కరగించెను. ఆ కరగిన లోహబిందువులు క్రింది యెండుగడ్డిపై రాలెను. వానకాలము రావలసిన దినములు గడచినను వాన లేదు. ఈశాన్యపుగాలి కనుమలగుండ నుధృతముగా వీచుచుండెను. కొన్ని గంటలలో అగ్ని కొండలు దాటి పారడైజు అను పట్టణముపై బడెను. పారడైజనగా స్వర్గమని యర్థము. సుమారు 26,000 జనసంఖ్యగల ఆ యూరిలో అధికభాగము ఆ యొక్కదినముననే బూడిదయయ్యెను. పదునేడు దినములు మండి అగ్ని పూర్తిగా అదుపునకు వచ్చునప్పటికి 85 మంది మరణించిరి. 18,804 కట్టడములు నశించెను. 1,53,336 ఎకరములు కాలిపోయెను. చనిపోయినవారిలో పెక్కురు వృద్ధులు. కొందరు తమ యిండ్లలోనే, కొందరు బయలుదేరిన కార్లలోనే మంటల పాలైరి.

బ్యూట్ జిల్లాలో గ్రాండ్ జ్యూరీవారు ఏడాదికి పైగా విచారణ జరిపిరి. 2020 జూన్ 16వ తేదీన కంపెనీ అధ్యక్షుడు చికో పట్టణమందలి న్యాయస్థానమున నిలిచెను. న్యాయమూర్తి మృతుల పేర్లు ఒక్కొక్కటిగా చదువుచుండ, వారి చిత్రములు సభలో చూపబడుచుండ, ఆయన కంపెనీ పక్షమున 84 మారులు నేరము నొప్పుకొనెను. ఉద్దేశములేని నరహత్యలు 84. అక్రమముగా అగ్ని పుట్టించిన నేర మొకటి. శిక్ష సుమారు 35 లక్షల డాలర్ల జుర్మానా. కంపెనీకి దేహము లేదు గావున దానిని చెరసాలలో పెట్టుట సాధ్యము గాదు. ఏ యొక్క వ్యక్తియు చెరసాలకు పోలేదు. కంపెనీ 2019 జనవరిలోనే దివాలాకోర్టు నాశ్రయించియుండెను. పలు అగ్నిప్రమాదముల బాధితులకొరకు 1,350 కోట్ల డాలర్ల విలువగల నిధి నేర్పరచుటకు ఒప్పుకొని 2020 జూలైలో బయటపడెను. కారిబూ-పలెర్మో మార్గము 2019లో శాశ్వతముగా విరమింపబడెను. ఒక డాలరైనను వెలచేయని యినుపకొక్కెమును సకాలమున మార్చనందుకు జరిగిన వ్యయమిది. పోయిన ప్రాణములను ఏ నిధియు లెక్కకట్టజాలదు.

ఇట్టిది చదివినప్పుడు మన మనస్సు వెంటనే దుష్టుడెవ్వడని వెదకును. దుష్టుని వెదకుట సులభము, తృప్తికరము. అయితే మేము దానికంటె లోతుగానున్న యేర్పాటును చూడుడని కోరుచున్నాము. ఆ దేశమున విద్యుత్కంపెనీలు జనులవద్ద తీసికొనదగిన వెలలను ప్రభుత్వసంఘము నిర్ణయించును. ఆ నిర్ణయమున నొక సూక్ష్మము కలదు. కంపెనీ క్రొత్తగా నిర్మించు కట్టడములపై పెట్టిన మూలధనమునకు లాభము చేకూరును. ప్రాతవానిని చూచుటకు, తుడుచుటకు, బిగించుటకు చేయు ఖర్చు వెలలలో చేరునేగాని దానిపై లాభము రాదు. పైగా వెలలు నిర్ణయమైన పిమ్మట పరీక్షకని చూపిన సొమ్ము ఖర్చుపడకున్నచో అది మిగులుగానే యుండును. ఈ లెక్కప్రకారము స్తంభమెక్కు మనిషి కంపెనీకి వ్యయము, క్రొత్తస్తంభము ఆదాయము. ఎవ్వడును అగ్ని పుట్టవలెనని కోరలేదు. లెక్కపుస్తకము మాత్రము ప్రతిదినము ఎక్కుటకంటె ఎగిరి చూచుటయే చవుకయని మెల్లగా చెప్పుచుండెను. వినువారు వినిరి. దుర్మార్గుడు లేకయే మహాపాతకము జరుగుట కిట్టి యేర్పాటు చాలును.

ఇందుపై కొన్ని యాక్షేపణలు రావచ్చును. ప్రాతవానినన్నిటిని పీకి క్రొత్తవి పాతుటకు ధనమెక్కడిది, ఆ భారము తుదకు దీపము వెలిగించుకొను బీదవానిపైననే పడదా యని యడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మేమును అన్నిటిని పీకుమని చెప్పుటలేదు. వయస్సు దానంతట నది దోషము గాదు. 1889లో ఇరువదియేండ్ల కొరకని నిలిపిన పారిస్ నగరపు ఈఫెల్ గోపురము నేటికిని నిలిచియున్నది. ఏలయన కొన్నేండ్లకొకమారు మనుష్యులు దానిపైకెక్కి అణువణువును చూచి, గోకి, రంగు వేయుచున్నారు. చూడబడిన వృద్ధాప్యము భయంకరము గాదు. చూడబడని వృద్ధాప్యమే భయంకరము. స్తంభము గట్టిదైనచో తీగెను మాత్రము మార్చవచ్చును. తేలికయై దృఢమైన క్రొత్త నడిపోగులుగల తీగెలు నేడు వచ్చియున్నవి. ప్రాతస్తంభములపైననే వానిని లాగి పూర్వముకంటె నెక్కువ విద్యుత్తును పంపవచ్చును. మరికొన్నిచోట్ల కొక్కెమును, మరను, పింగాణిని మార్చిన చాలును. దేనిని మార్చవలెనో, దేనిని ఉంచవలెనో తెలిసికొనుటకే మొదట చూడవలెను. చూచినదానిని వ్రాసి యుంచవలెను. నూరేండ్ల కొక్కెము ఎన్నడు తగిలింపబడినదో చెప్పు వివరమైన లెక్క ఆ కంపెనీవద్ద లేకపోవుట ఈ కథలో మిక్కిలి శోచనీయమగు విషయము.

చూచుటకగు ఖర్చు ఎక్కువయనువారు చూడకపోవుట కైన ఖర్చునుగూడ తూచవలెను. అగ్ని తర్వాత 2019 ఆరంభమాసములలో అదే కంపెనీ వేలాది స్తంభములను మనుష్యులచేతను, డ్రోనులచేతను పరీక్షింపజేసెను. మరికొన్ని కొక్కెములు అరిగియున్నట్లు అప్పుడు తెలిసెను. అదేయేట అక్టోబరులో గాలులు వీచినప్పుడు తన తీగెలపై తనకే నమ్మకము లేక లక్షలాది యిండ్లకు విద్యుత్తును తానే ఆపివేసెను. మరామత్తును మానుటచే మిగిలిన ధనము తుదకు దీపములార్పుటకు దారితీసెను.

ఈ విషయమున మన పూర్వుల బుద్ధి స్మరింపదగినది. కడపసీమలో పోరుమామిళ్ల చెరువు కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనమున మంచిచెరువునకు కావలసిన పండ్రెండంగములతోపాటు చెరువును చెరుపు ఆరుదోషములను కూడ చెక్కించెను. కట్టినవాడు తన కీర్తిశిలపైననే తన కట్టడము చెడగల మార్గములను వ్రాయించుట ఎంత వినయము! రాయలసీమలో దశబంధమను నేర్పాటు మరియొకటి. చెరువు కట్టినవానికి, లేదా బాగుచేసినవానికి దానిక్రింది భూమిలో కొంతభాగము ఇనాముగా నిచ్చి, అందుకు ప్రతిగా చెరువు సంరక్షణ భారమును అతనిపై నుంచెడివారు. కట్ట తెగినచో, పూడిక పెరిగినచో అతని పంటయే ఎండును. కావున చెరువు క్షేమము అతని యింటి క్షేమముతో ముడిపడెను. కాలిఫోర్నియా లెక్కపుస్తకము విడదీసినదానిని మన దశబంధము కలిపియుంచెను. అయితే ఇందు మనము గర్వించుటకు తావు లేదు. ఆ యేర్పాటు సడలిన చోటులలో చెరువులు పూడినవి, తూములు శిథిలమైనవి, కట్టలపై తుమ్మలు మొలిచినవి. పూర్వులు కట్టిన చెరువునుగూర్చి ఉపన్యసించి దాని పూడికను మరచువాడు, పూర్వపు కంపెనీ నిలిపిన స్తంభమును మరచిన కంపెనీకంటె మేలైనవాడు కాడు.

మన దేశమునను విద్యున్మార్గములకు వయస్సు వచ్చుచున్నది. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రములు కలిసి నిర్మించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించెను. ఆ తరమున నాటిన స్తంభము లెచ్చట నిలిచియున్నను అవి నేడు డెబ్బదియేండ్ల వయస్సునకు చేరినవి. క్రొత్తమార్గములు వేసినప్పుడు మన పత్రికలు మైళ్లలెక్క ప్రకటించును. ఈ యేడు ఎన్ని స్తంభములెక్కి చూచితిరి, ఎన్ని కొక్కెములు మార్చితిరి, ఏ స్తంభము ఎన్నడు నిలిచినదో చెప్పు పుస్తకము మీవద్ద కలదా యని యడుగు పత్రిక యరుదు. శాసనసభలలో ఈ ప్రశ్నలు వేయవలెను. మరామత్తు పద్దును మొదట కోతపెట్టదగిన పద్దుగా నెంచు నలవాటు పోవలెను. వానలో, గాలిలో, అర్ధరాత్రమున స్తంభమెక్కు లైన్‌మనునకు తగిన జీతము, తగిన పనిముట్లు, తగిన గౌరవము కలుగవలెను. అతడు ‘ఇది అరిగినది’ అని వ్రాసినచో, ఆ మాటకు జవాబు వ్రాయుట పై యధికారి విధియని నియమము కావలెను. అరుగుదలను మొదట తాకు చేయి అతనిదే గదా!

పారడైజు పట్టణమును కాల్చిన కొక్కెమును చేసిన కమ్మరి తన పని చక్కగా చేసెను. అది సుమారు తొంబదియేడేండ్లు మోసినది. దానిని తగిలించిన పనివాడును తన పని చక్కగా చేసెను. దాని ఫలము ననుభవించుచు దాని వయస్సు నడుగనివారివలననే ఈ యనర్థము కలిగినది. పూర్వులిచ్చిన దీపపు వెలుగులో కూర్చుండి చదువుకొను ప్రతివాడును ఆ వారసత్వమున భాగస్వామియే. కావున దీపపు ఖరీదు చెల్లించునప్పుడు దాని తీగెల క్షేమమునుగూర్చి యడుగుట మన హక్కు. అడిగి దాని కగు వ్యయమును మోయుట మన విధి.